సర్టిఫికెట్ వెనక వైపు

2020 సెప్టెంబరు 4న భారత రాజపత్రంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఒక నిబంధనావళిని ప్రచురించింది. సార్వత్రిక, దూరవిద్యా కోర్సులకూ ఆన్‌లైన్ కోర్సులకూ కలిపి రాసిన నిబంధనలవి. అంతకుముందు దూరవిద్యకు 2017లో వచ్చినవి ఒక పుస్తకంగా, ఆన్‌లైన్‌కు 2018లో వచ్చినవి మరో పుస్తకంగా ఉండేవి. రెండింటినీ ఒకచోట చేర్చి తిరగరాశారు. అప్పటికి కరోనా వల్ల కాలేజీలన్నీ మూతపడి ఉన్నాయి. ఫోన్‌లో సారు చెప్పేది వినడమే ఆన్‌లైన్ చదువని ఊళ్లలో అందరికీ అలవాటవుతున్న రోజులవి. ఆన్‌లైన్‌లో ఒక డిగ్రీ ఇవ్వాలంటే ఏమేం సిద్ధం చేసుకోవాలో, ఎవరెవరు పూచీ పడాలో, ఏది ఎక్కడ రాసి ఉంచాలో సరిగ్గా అప్పుడే ఈ పత్రం వరసగా చెప్పింది.

ఇలాంటి పత్రాలు రిజిస్ట్రార్ ఆఫీసులో తిరుగుతాయి. గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు తీస్తారు, పని కాగానే ఫైల్లో పెడతారు. ఒక రచనగా వీటిని చదివేవాళ్లు తక్కువ. ఈ నిబంధనలను మాత్రం అలా చదవాలని నా కోరిక. రాసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అయినా చాలా క్లాజుల్లో ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని రాసిన తీరు కనిపిస్తుంది. ఆ మనిషి విశ్వవిద్యాలయం గేటు ఎన్నడూ చూడని విద్యార్థి. షిఫ్టు డ్యూటీ ముగించుకుని వచ్చి రాత్రిపూట పుస్తకం తెరిచేవాడు, పిల్లల్ని పడుకోబెట్టి ఫోన్‌లో పాఠం పెట్టుకునే తల్లి. అలాంటివాళ్లను ఎవరైనా మోసం చేస్తే అది వాళ్లకు తెలిసేసరికి మూడేళ్లు గడిచిపోతాయి, కట్టిన ఫీజు తిరిగి రాదు. ఆ మూడేళ్ల తర్వాత తెలియాల్సిన సంగతిని మొదటి రోజే తెలిసేలా చేయడానికి ఈ నిబంధనలు పడిన తాపత్రయమే వీటి పనితనమని నాకనిపిస్తుంది.

ఒక చిన్న క్లాజుతో మొదలుపెడతాను. దూరవిద్యలో ఇచ్చే ప్రతి డిగ్రీ సర్టిఫికెట్‌కూ మార్కుల జాబితాకూ వెనక వైపున కొన్ని వివరాలు తప్పనిసరిగా అచ్చు వేయాలి. చదువు ఏ పద్ధతిలో సాగింది, విద్యార్థి ఏ తేదీన చేరాడు, ఏ తేదీన పూర్తి చేశాడు, స్టడీ సెంటర్లు ఏవి, పరీక్షా కేంద్రాలు ఏవి, వాటి చిరునామాలు ఏమిటి, ఇవన్నీ అక్కడుండాలి. ఒక్క సంస్థకు చెందిన ఆ కేంద్రాలన్నిటి పేర్లూ వేయాలంటే కొన్నిచోట్ల వెనక వైపంతా చిన్న అక్షరాలతో నిండిపోతుంది. దర్జీ పనితనం తెలియాలంటే బట్టను లోపలి వైపు తిప్పి కుట్టు చూడాలంటారు. ఈ క్లాజు విశ్వవిద్యాలయాన్ని తన పట్టా లోపలి కుట్టు చూపించమంటోంది.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. చేరిన తేదీ, ముగించిన తేదీ పక్కపక్కనే ఉన్నాయంటే మూడేళ్ల డిగ్రీని ఏడాదిలో చేతికిచ్చే దందా ఆ కాగితం మీదే బయటపడుతుంది. పాత తేదీ వేసి ప్రవేశం చూపించినా పరీక్షా కేంద్రం పేరు దగ్గర దొరికిపోతుంది, ఎందుకంటే ఆ కేంద్రం ఆ సంవత్సరం నిజంగా నడిచిందో లేదో ఎవరైనా విచారించవచ్చు. ఉద్యోగమిచ్చేవాడు విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసి జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూసే అవసరం తగ్గుతుంది. ఒక్క కొత్త అధికారిని నియమించలేదు, ఒక్క తనిఖీ బృందాన్ని పంపలేదు. కాగితం వెనక ఖాళీగా పడి ఉన్న జాగాను వాడుకున్నారు, అంతే. చట్టం రాయడంలో ఇంతకన్నా పొదుపైన పని నేను ఎక్కువగా చూడలేదు.

సర్టిఫికెట్ ముందు వైపు గురించి మాత్రం నాకు అభ్యంతరం ఉండేది. విద్యార్థి ఫోటోతో పాటు ఆధార్ నంబరు గానీ ప్రభుత్వం గుర్తించిన మరో గుర్తింపు నంబరు గానీ వేయాలన్న మాట ఈ నిబంధనల్లో ఉంది. గుర్తింపు పక్కాగా ఉండాలన్న ఉద్దేశం మంచిదే. అయితే పట్టా అంటే జీవితాంతం జిరాక్సులు తీసి పదిమందికి ఇచ్చే కాగితం. దాని మీద ఆధార్ నంబరు ఉండటం క్షేమం కాదు. 2023 సెప్టెంబరులో యూజీసీయే ఈ విషయం స్పష్టం చేస్తూ డిగ్రీల మీద, ప్రొవిజనల్ సర్టిఫికెట్ల మీద పూర్తి ఆధార్ నంబరు అచ్చు వేయకూడదని సంస్థలకు చెప్పింది. దిద్దుకోవాల్సింది దిద్దుకున్నారు.

ఈ జాగ్రత్తలన్నీ ఎందుకొచ్చాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరెస్పాండెన్స్ కోర్సు మొదలుపెట్టింది. పోస్టులో పాఠాలు వచ్చేవి, చదువుకుని పరీక్ష రాసేవాళ్లు. ఇరవై ఏళ్లకు, 1982లో, హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. 1991 నుంచి దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు. మొదటి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. ఆ తర్వాత యూజీసీ చైర్మన్ పదవి చేపట్టారు. ఇంటర్ చదవనివాళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి రానిచ్చిన విశ్వవిద్యాలయాన్ని నడిపిన మనిషి దేశం మొత్తం ఉన్నత విద్యకు పెద్ద అయ్యారన్నమాట. తలుపు బార్లా తీసి ఉంచడం ఎలాగో మనకు అప్పుడే తెలిసింది. ఆ తలుపులోంచి ఎవరు పడితే వాళ్లు దుకాణం పెట్టకుండా చూడటం ఎలాగో తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది.

ఆ పాతికేళ్లలో ఏం జరిగిందో జిల్లా కేంద్రాల్లో, మండల కేంద్రాల్లో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. బస్టాండు దగ్గర మేడ మీద ఒక గది, ఎక్కడో వేరే రాష్ట్రంలోని విశ్వవిద్యాలయం పేరుతో ఫ్లెక్సీ, లోపల ఒక కుర్చీ, ఒక రసీదు పుస్తకం. ఒక సంస్థ పేరును మరొకరు అద్దెకు తీసుకుని అడ్మిషన్లు చేసే పద్ధతి అది. ఇంజినీరింగ్ డిగ్రీలను కూడా దూరవిద్యలో అమ్మినవాళ్లున్నారు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో ఇచ్చిన తీర్పు చదివితే ఆ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల సంగతి అది. 2001 నుంచి 2005 వరకు చేరినవాళ్ల డిగ్రీలను కోర్టు నిలిపివేసి, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పెట్టే పరీక్ష రాసి నిలబెట్టుకోమంది. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. ఆ డిగ్రీలతో అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, ప్రమోషన్లు తీసుకున్నవాళ్లు ఉన్నారు. పదేళ్ల కింద చదివిన చదువు చెల్లదని మధ్యవయసులో తెలియడం ఎంత కష్టమో చెప్పలేం.

నిబంధనల్లో ఫ్రాంచైజీ నిషేధం ఇంత కచ్చితంగా ఉండటానికి కారణం ఇదే. ఏ ఉన్నత విద్యాసంస్థా ఫ్రాంచైజీ ఒప్పందం మీద దూరవిద్య గానీ ఆన్‌లైన్ గానీ నడపకూడదు. పాఠం, ప్రవేశం, పరీక్ష, పట్టా ఇవన్నీ సంస్థే చేయాలి. ఈ మధ్య మేడ మీది గది పోయి మొబైల్ యాప్ వచ్చింది. 2022 జనవరిలో యూజీసీ మళ్లీ బహిరంగ ప్రకటన ఇచ్చి, ఎడ్‌టెక్ కంపెనీలతో కలిసి ఫ్రాంచైజీ తరహాలో డిగ్రీలు ఇవ్వడం కుదరదని హెచ్చరించింది. కొత్త వేషంలో వచ్చిన పాత అలవాటును పట్టుకోవడానికి కొత్త క్లాజు అవసరం పడలేదు. 2020లో రాసిన వాక్యమే సరిపోయింది. నిబంధన బాగా రాశారనడానికి నాకు ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు.

ఇక నేను అన్నిటికన్నా ఇష్టంగా చదివిన భాగం ప్రోగ్రామ్ ప్రాజెక్ట్ రిపోర్ట్. ఆఫీసుల్లో పీపీఆర్ అంటారు. ఏ కోర్సు పెట్టాలన్నా దానికి ముందుగా ఒక పీపీఆర్ తయారు చేసి విశ్వవిద్యాలయంలోని చట్టబద్ధ సంస్థల ఆమోదం తీసుకోవాలి. అందులో తొమ్మిది శీర్షికలు. కోర్సు ధ్యేయం, లక్ష్యాలు. అది సంస్థ ధ్యేయానికి ఎలా సరిపోతుంది. ఎలాంటి విద్యార్థుల కోసం. కావాల్సిన నైపుణ్యాలు ఈ పద్ధతిలో నేర్పడం నిజంగా కుదురుతుందా. పాఠ్యప్రణాళిక నిర్మాణం. ప్రవేశాలు, బోధన, మూల్యాంకనం. ప్రయోగశాల, లైబ్రరీ అవసరాలు. ఖర్చు అంచనా. నాణ్యత చూసే ఏర్పాటు, ఆశించే ఫలితాలు.

పైకి చూస్తే మామూలు ప్రాజెక్టు ఫారం. వరస గమనిస్తే అసలు సంగతి తెలుస్తుంది. సిలబస్ ఐదో స్థానంలో ఉంది. మనవాళ్లు కోర్సు పెట్టాలనుకున్నప్పుడు మొదట కూర్చుని రాసేది సిలబస్. ఉన్న రెగ్యులర్ సిలబస్‌ను తీసుకుని పైన పేరు మార్చేస్తే గంటలో అయిపోతుంది. ఈ ఫారం అలా మొదలుపెట్టనివ్వదు. ముందు ఈ చదువు ఎవరికో చెప్పమంటుంది. పట్నంలో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న గృహిణులకా, పొలం పనుల్లో ఉన్న కుర్రాళ్లకా, ప్రమోషన్ కోసం చదివే టీచర్లకా? అది తేలాక నాలుగో ప్రశ్న వస్తుంది. ఈ విషయం దూరం నుంచి నేర్పడం కుదురుతుందా అని. నా దృష్టిలో మొత్తం పత్రంలో ధైర్యమైన ప్రశ్న అదే. కుదరదు అని నిజాయితీగా జవాబు రాసే అవకాశాన్ని ఫారంలోనే ఉంచారు. కొన్ని విషయాలకు ఆ జవాబు నిబంధనలే ముందుగా చెప్పేశాయి. ఇంజినీరింగ్, వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, నర్సింగ్, ఆర్కిటెక్చర్, న్యాయశాస్త్రం వంటివి ఈ పద్ధతుల్లో ఇవ్వడానికి వీల్లేదు. పీహెచ్‌డీ కూడా కుదరదు. మిగతా వాటి విషయంలో ఆలోచించే భారం అధ్యాపకుడి మీదే ఉంచారు.

ఖర్చు అంచనాను ఎనిమిదో స్థానంలో పెట్టడం కూడా నాకు నచ్చింది. ల్యాబ్, లైబ్రరీ ఏం కావాలో రాసిన తర్వాతే డబ్బు లెక్క వేయాలి. లెక్క ముందు వేసుకుంటే ల్యాబ్ ఎగిరిపోతుందని ఎవరికి తెలియదు?

ఈ పీపీఆర్‌లను సంస్థ తన వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా ఉంచాలి. గుర్తింపు ఉత్తర్వులు, అకడమిక్ క్యాలెండర్, స్టడీ సెంటర్ల జాబితా కూడా అక్కడే ఉండాలి. అలా పెట్టినవన్నీ నిజమేనని రిజిస్ట్రారూ, సంస్థలోని అంతర్గత నాణ్యతా కేంద్రం డైరెక్టరూ కలిసి సంతకం చేసిన ప్రకటన జతచేయాలి. ఇద్దరి సంతకం అన్న చోట ఒక్క క్షణం ఆగాలి. రిజిస్ట్రార్ పరిపాలన మనిషి. రెండో ఆయన చదువు నాణ్యతకు జవాబుదారీ. తప్పు జరిగితే అది పరిపాలన పొరపాటని ఒకరు, బోధన వ్యవహారమని మరొకరు తప్పుకోకుండా ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీదకు తెచ్చారు. దాంతో పాటు ఏటా లోపలి ఆడిట్, అయిదేళ్లకోసారి బయటివాళ్ల చేత అకడమిక్ ఆడిట్ జరగాలి.

ఇప్పుడు పాఠం దగ్గరికి వద్దాం. దూరవిద్యకు ప్రాణం పాఠ్య సామగ్రి. పక్కన గురువు లేనప్పుడు పుస్తకమే గురువు కావాలి. నిబంధనలు దాన్ని నిర్వచించిన తీరు ఇలా ఉంటుంది: పాఠం తనను తానే వివరించుకోవాలి, తనలో తాను సంపూర్ణంగా ఉండాలి, నేరుగా విద్యార్థినే ఉద్దేశించాలి, చదివినవాడు తన ప్రగతిని తానే పరీక్షించుకునేలా ఉండాలి. ఇంతవరకు విద్యాశాస్త్రం పుస్తకాల్లో కూడా దొరుకుతుంది. చివరన ఒక చిన్న మాట చేర్చారు. పాఠ్యపుస్తకాలు, గైడ్లు ఇందులోకి రావు. ఆ ముక్క లేకపోతే నిర్వచనం మొత్తం వృథా అయ్యేది. బజారులో దొరికే గైడును తెచ్చి, అట్ట మార్చి, మా స్టడీ మెటీరియల్ అని పంపే దారిని అది మూసేసింది. నిర్వచనం రాసేవాడికి ఆదర్శంతో పాటు బజారు కూడా తెలిసి ఉండాలి. ఇక్కడ ఆ తెలివి కనిపిస్తుంది.

అలాంటి పాఠం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు చూపించడం తేలిక. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పుస్తకాలు గ్రూప్స్‌కు చదివే ప్రతి గదిలోనూ, తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన కనిపిస్తాయి. అందులో చేరనివాళ్లు కూడా పాత పుస్తకాల కొట్టులో వెతికి కొనుక్కుంటారు. కారణం ఆ పుస్తకాల కట్టుబడి. పాఠం మొదట్లోనే, ఇది చదివాక నువ్వు ఏం చెప్పగలగాలో రాసి ఉంటుంది. మధ్యమధ్యలో ఆగి, ఇప్పటిదాకా చదివింది అర్థమైందో లేదో చూసుకోమని ప్రశ్నలు, రాసుకోవడానికి ఖాళీ జాగా, పాఠం చివర జవాబులు. కొత్త మాట వస్తే అక్కడికక్కడే అర్థం. ఆ పద్ధతి నిబంధనల కంటే చాలా ముందే అక్కడ ఉంది. మంచి పనివాళ్లు అలవాటుగా చేస్తున్నదాన్ని చూసి, అందరూ అలాగే చేయాలని నిబంధన తర్వాత రాసుకుంది. నిబంధనలు పుట్టాల్సింది అలాగేనని నా నమ్మకం.

ఆన్‌లైన్ కోర్సుల దగ్గరికొచ్చేసరికి ఇదే ఆలోచన నాలుగు భాగాలుగా విడింది. దీన్ని ఫోర్ క్వాడ్రంట్ పద్ధతి అంటారు. 2017 జూలైలో మొదలైన స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో కూడా ఇదే నడుస్తుంది. ఒకటి వీడియో పాఠం. రెండు రాతలో పాఠం. మూడు మరింత చదవడానికి వనరులు, సందేహాలు చర్చించుకునే చోటు. నాలుగు స్వీయ పరీక్ష. ఉదాహరణకు కాకతీయుల కాలం నాటి చెరువుల గురించి ఒక పాఠం తయారు చేయాలనుకోండి. వీడియోలో రామప్ప చెరువు కట్ట మీద నిలబడి, మత్తడి ఎక్కడుంది, తూము ఎక్కడుంది, నీళ్లు ఏ వైపు పారతాయి అని చూపించవచ్చు. ఇది పుస్తకం చేయలేదు. రాత పాఠంలో పాఖాల, లక్నవరం, రామప్ప వంటి చెరువులకూ ఆనాటి వ్యవసాయానికీ, పన్నులకూ ఉన్న సంబంధాన్ని తీరిగ్గా వివరించవచ్చు. ఇది వీడియోలో పెడితే ఎవరూ ఆగి వినరు. మూడో భాగంలో శాసనాల ఫోటోలు, ఆ పక్కనే విద్యార్థి తన ఊరి చెరువు గురించి రాసే చోటు. నాలుగో భాగంలో పది ప్రశ్నలు, తప్పు జవాబు పెడితే ఎందుకు తప్పో చెప్పే రెండు వాక్యాలు. నాలుగూ విడివిడి పనులు చేస్తున్నాయి. క్లాసులో కెమెరా పెట్టి గంట రికార్డు చేసి ఎక్కించినంత మాత్రాన ఆన్‌లైన్ కోర్సు కాదని ఈ విభజన సూటిగా చెబుతోంది. కరోనా రోజుల్లో మనం చూసినదాంట్లో చాలావరకు మొదటి భాగమే ఉంది, అది కూడా సగమే.

విద్యార్థి నిజంగా చదువుతున్నాడో లేదో దూరం నుంచి తెలుసుకోవడం ఇంకో చిక్కు. నిబంధనలు పదిహేను రోజులకు కనీసం రెండు గంటలు విద్యార్థి చురుగ్గా పాల్గొంటున్నాడో లేదో గమనించే ఏర్పాటు ఉండాలన్నాయి. చర్చలు, అసైన్‌మెంట్లు వంటి వాటిలో 75 శాతం పాల్గొన్నవాళ్లే సెమిస్టర్ పరీక్షకు అర్హులు. రెండు గంటలు మరీ తక్కువని వినగానే అనిపిస్తుంది. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు, నాలుగు క్రెడిట్ల కోర్సంటే 120 గంటలు. దాని ముందు పక్షానికి రెండు గంటలెంత? నేను దీన్ని చదువు కొలతగా తీసుకోను. తప్పిపోయినవాణ్ని వెతకడానికి పెట్టిన గుర్తుగా తీసుకుంటాను. పక్షం రోజులు కనబడని విద్యార్థికి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. సెమిస్టర్ చివర లెక్క చూస్తే అప్పటికి అతను చదువు మానేసి మూడు నెలలై ఉంటుంది. పదిహేను రోజుల గడువు పెట్టినవాళ్లకు మనుషులు చదువు ఎలా మానేస్తారో తెలుసు. ఒక్కరోజులో ఎవరూ మానరు. ఒక వారం వీలు కాదు, రెండో వారం సిగ్గేస్తుంది, మూడో వారం ఇక చాల్లే అనుకుంటారు.

ఆ ఫోన్ చేయాల్సిన మనిషి కోర్సు మెంటర్. ప్రతి 250 మందికి ఒకరు ఉండాలి. ఇక్కడ నిబంధన చేయి బిగించిందని నా అభిప్రాయం. 250 మంది పేర్లే గుర్తుండవు, ఎవరు వెనకబడుతున్నారో ఎలా తెలుస్తుంది? వీడియోనూ రాత పాఠాన్నీ ఒక్కసారి తయారు చేస్తే వేలమందికి సరిపోతాయి. అలా మిగిలిన డబ్బును మెంటర్ల మీద పెట్టమని చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. వందకు ఒకరన్నా కనీస సంఖ్యగా పెట్టి ఉంటే పదిహేను రోజుల గడువుకు నిండుదనం వచ్చేది.

పరీక్షల భాగం కఠినంగా ఉంటుంది. మార్కుల్లో ఇంటి అసైన్‌మెంట్ల వంటి వాటికి 30 శాతానికి మించకూడదు, చివరి పరీక్షకు కనీసం 70 శాతం ఉండాలి. రెండూ కలిపి ఒకే అంకెగా చూపడానికి లేదు, మార్కుల జాబితాలో విడివిడిగా కనబడాలి. ప్రతి పరీక్షా కేంద్రానికి ఒక పరిశీలకుడు వెళ్లి నివేదిక ఇవ్వాలి. సీసీటీవీ రికార్డులను అయిదేళ్ల పాటు భద్రపరచాలి. ఆన్‌లైన్ కోర్సులకు సాంకేతిక నిఘాతో ఇంటి నుంచి పరీక్ష పెట్టుకునే వీలు కూడా ఉంది. అయినా ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీలో పాఠాలు ఇంట్లో వింటూ పరీక్షలు మాత్రం కేంద్రానికి వచ్చి రాస్తున్నారు. ఆ నిర్ణయం నాకు సబబనిపిస్తుంది. మంచి విద్యార్థికి అనుమానం లేని పరీక్షే పెద్ద ఆస్తి.

ఈ కోర్సులు ఎవరు పెట్టవచ్చన్న విషయంలో నిబంధనలు, విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ ఇచ్చే స్కోరునూ జాతీయ ర్యాంకునూ ఆధారం చేసుకున్నాయి. 2020 పాఠంలో దూరవిద్యకు నాలుగుకు 3.01 ఉండాలన్నారు, ముందస్తు అనుమతి లేకుండా ఆన్‌లైన్ పెట్టుకోవడానికి 3.26 అన్నారు. తర్వాత సవరణలు వచ్చాయి. స్కోరుకూ దూరం నుంచి బాగా నేర్పగలగడానికీ ఉన్న సంబంధం నాకు గట్టిగా కనబడదు. క్యాంపస్‌లో మంచి పేరున్న కాలేజీకి పోస్టులో పాఠం పంపడం చేతకాకపోవచ్చు. ఎక్కడో ఒక గీత గీయాలి కాబట్టి గీశారు.

ఇంత కట్టడి చేసిన తర్వాత నిబంధనలు తమ వంతు మాట నిలబెట్టుకున్న చోటు 22వ క్లాజు. గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇచ్చిన డిగ్రీ, పీజీ, పీజీ డిప్లొమాలను రెగ్యులర్‌గా చదివి పొందినవాటితో సమానంగా చూడాలని ఆ క్లాజు చెబుతుంది. 2022 సెప్టెంబరులో యూజీసీ దాన్ని మరోసారి బహిరంగంగా గుర్తుచేసింది. నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టించుకుంటూ, "అన్నా, నాది ఓపెన్‌లో డిగ్రీ, గ్రూప్స్‌కు చెల్లుతుందా?" అని అడిగే పిల్లలకు జవాబు అక్కడుంది. 22వ క్లాజును సర్టిఫికెట్ వెనక వైపు క్లాజుతో కలిపి చదివితే రెండూ ఒకే చేత్తో రాసినట్టు తెలుస్తుంది. చదివిన పద్ధతిని దాచి సమానం అనిపించుకునే దారి ఉంది, చాలామంది అదే కోరుకుంటారు కూడా. వీళ్లు పద్ధతిని కాగితం మీద స్పష్టంగా అచ్చు వేయించి, ఆ పైన సమానం అన్నారు. డిస్టెన్స్‌లో చదివానని చెప్పుకోవడానికి వెనకాడే పరిస్థితి పోవాలంటే ఇదే సరైన మార్గం.

ఒక లోటు నన్ను బాధిస్తుంది. రాజపత్రంలో ఈ నిబంధనలు హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. పీపీఆర్‌లు దాదాపుగా ఇంగ్లీషులోనే తయారవుతాయి. తెలుగు మాధ్యమంలో బీఏ చేరే విద్యార్థికి తన కోర్సు ఎవరి కోసం ఉద్దేశించారో, దాన్ని చదివాక ఏం రావాలో రాసిన కాగితం తెలుగులో ఉండాలి. తొమ్మిది శీర్షికలకు తెలుగులో నాలుగు పేజీలు చాలు. పాఠం తెలుగులో రాయగలిగిన విశ్వవిద్యాలయాలకు అది కష్టమైన పనేమీ కాదు. ఆ నాలుగు పేజీలు స్టడీ సెంటర్ గోడకు అంటించినా చాలు.

2024 నుంచి మరో మెట్టు చేరింది. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేరాలంటే విద్యార్థి ముందుగా యూజీసీ దూరవిద్యా విభాగం పోర్టల్‌లో డీఈబీ ఐడీ తీసుకోవాలి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా దానికి ఆధారం. సంస్థ అడ్మిషన్ ఇచ్చేముందు విద్యార్థి చేతిలో యూజీసీ ఇచ్చిన నంబరు ఉంటుంది కాబట్టి, లెక్కలో లేని అడ్మిషన్లకు చోటు తగ్గింది. ఏ సంస్థకు ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి గుర్తింపు ఉందో కూడా ఆ పోర్టల్‌లోనే ఉంటుంది. సంస్థకు ఉన్న గుర్తింపు వేరు, కోర్సుకు ఉన్న గుర్తింపు వేరు. బీకాంకు అనుమతి ఉండి ఎంబీఏకు లేకపోవచ్చు, నిరుడు ఉండి ఈ ఏడాది లేకపోవచ్చు. ప్రవేశాలు ఏటా రెండు విడతలు, జనవరి-ఫిబ్రవరిలో ఒకటి, జూలై-ఆగస్టులో ఒకటి. ఫీజు కట్టేముందు ఆ జాబితాలో మీ కోర్సు పేరు, ఆ విడత పేరు చూసుకోండి. ఆ తర్వాత సంస్థ వెబ్‌సైట్‌కు వెళ్లి ఇద్దరి సంతకాలున్న ప్రకటన ఉందో లేదో కూడా చూడండి.